వయసు దాచే నక్షత్రాలు.. లెక్క తేల్చేది మీరేనా?

పదో తరగతి 1975 బ్యాచ్ పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం జరుగుతోందనుకోండి. అందరికీ 65 దాటాయి. నెరిసిన జుట్టు, మోకాళ్ల నొప్పులు, మనవళ్ల కబుర్లు. గ్రూప్ ఫొటోలో ఓ నలుగురు మాత్రం పాతికేళ్ల వాళ్లలా నిగనిగలాడుతున్నారు. రిజిస్టర్ తిరగేస్తే వాళ్లదీ అదే బ్యాచ్. పుట్టిన ఏడూ అదే. మీకేమనిపిస్తుంది? 'వీళ్లేదో దాస్తున్నారు' అనే కదా!

1953లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త అలన్ శాండేజ్‌కు ఇలాంటి ఫొటోనే ఎదురైంది. ఎం3 అనే నక్షత్రాల గుంపును ఆయన పరిశీలిస్తున్నారు. అక్కడి తారలన్నీ ఎర్రబడి, ముసలివైపోయాయి. వాటి మధ్య కొన్ని మాత్రం నీలంగా, వేడిగా, పడుచుదనంతో మెరుస్తున్నాయి. వాటికి 'బ్లూ స్ట్రాగ్లర్స్' అన్న పేరు స్థిరపడింది. తోటివాళ్లంతా ముందుకెళ్లిపోతే దారిలో వెనకబడిపోయిన నీలి తారలన్నమాట. ఏడు దశాబ్దాలు గడిచినా వీటి కథ పూర్తిగా తేలలేదు. తేల్చడానికి కావాల్సిన డేటాలో చాలా భాగం ఇప్పుడు మీ ల్యాప్‌టాప్‌కు ఉచితంగా అందుతోంది. అందుకే ఈ వారం కథ కోడింగ్ నుంచి కాకుండా ఆకాశం నుంచి మొదలుపెడుతున్నా.

కోటి తారల కాలనీలు

మన పాలపుంత చుట్టూ 150కి పైగా గోళాకార నక్షత్ర గుచ్ఛాలు ఉన్నాయి. ఒక్కో దాంట్లో వేల నుంచి లక్షల తారలు బంతిలా గుమిగూడి ఉంటాయి. అన్నిట్లోకి పెద్దదైన ఒమేగా సెంటారిలో ఆ లెక్క దాదాపు కోటి. వీటి వయసు మామూలుది కాదు.. చాలావాటికి 1,000 నుంచి 1,300 కోట్ల ఏళ్లు. మన సూర్యుడికి దాదాపు 460 కోట్లే.

అక్కడి రద్దీ కూడా ఊహకందదు. సూర్యుడికి అత్యంత దగ్గరి నక్షత్రం నాలుగు కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. బాగా దట్టమైన గుచ్ఛాల నడిబొడ్డున, మూడు కాంతి సంవత్సరాల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న డబ్బాలో లక్ష తారలు పట్టేస్తాయి. మనకు శివారు విల్లా అయితే, వాళ్లది పండగ ముందు రోజు బస్టాండ్.

ఒక్క గ్రాఫ్‌లో జాతకం

నక్షత్రాల వయసు ఎలా చెబుతారు? ఒక్క గ్రాఫ్ చాలు. అడ్డంగా రంగు, నిలువుగా వెలుగు పెట్టి, గుచ్ఛంలోని ప్రతి తారకూ ఒక చుక్క వేయండి. చుక్కలు చెల్లాచెదురుగా పడవు. ఎక్కువ భాగం ఒక ఏటవాలు పట్టీలో వరుసకడతాయి. అది హైడ్రోజన్‌ను నిలకడగా మండించుకునే తారల వరుస. పైన బరువైన నీలి తారలు, కింద తేలికైన ఎర్ర తారలు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. బరువు ఎక్కువున్న తార దగ్గర ఇంధనం ఎక్కువే. కానీ దుబారా అంతకంటే ఎక్కువ. సూర్యుడి ఆయుష్షు సుమారు 1,000 కోట్ల ఏళ్లయితే, రెట్టింపు బరువున్న తార అందులో ఐదో వంతు కూడా ఇలా మండలేదు. కాబట్టి గుచ్ఛానికి వయసు పెరిగేకొద్దీ పట్టీ పైనుంచి ఖాళీ అవుతూ వస్తుంది. ఎక్కడిదాకా ఖాళీ అయిందో ఆ మలుపు చూస్తే వయసు తెలిసిపోతుంది. గోళాకార గుచ్ఛాల్లో ఆ మలుపు సూర్యుడి బరువులో 0.8 వంతు దగ్గరికి వచ్చేసింది. అంతకంటే బరువైనవి ఎప్పుడో ఉబ్బి ఎర్ర రాక్షస తారలుగా మారిపోయాయి. వాటిలో చాలావాటి అవశేషం ఇప్పుడు తెల్ల మరుగుజ్జు తారలే.

మరి ఆ మలుపు దాటి, ఖాళీగా ఉండాల్సిన చోట నీలంగా కూర్చున్న చుక్కల సంగతేంటి? అవే మన బ్లూ స్ట్రాగ్లర్లు. ఇంత పాత గుచ్ఛాల్లో కొత్త తారలు పుట్టడానికి తగ్గ వాయువు లేదు. అంటే అవి కొత్తగా పుట్టినవి కావు. బయటి నుంచి బరువు సంపాదించుకున్నవి. ఎలా?

ఒకటి దోపిడీ.. రెండోది ఢీ!

మొదటి దారిని 1964లో విలియం మెక్‌క్రియా సూచించారు. రెండు తారలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. పెద్దది ముందు ముసలిదై ఉబ్బుతుంది. దాని పై పొరల్లోని వాయువు పక్కదాని మీదికి ఒలికిపోతుంది. కొత్త ఇంధనం దొరికిన ఆ రెండోది బరువెక్కి, వేడెక్కి నీలంగా మారుతుంది. పోషించిన తార చివరికి తెల్ల మరుగుజ్జుగా మిగిలిపోతుంది. వీటిని కొందరు సరదాగా 'పిశాచ తారలు' అంటుంటారు.

రెండోది నేరుగా ఢీకొట్టుకోవడం. మామూలుగా తారలు ఢీకొనడం దాదాపు అసాధ్యం. గుచ్ఛం నడిమధ్య రద్దీలో మాత్రం అది కుదురుతుంది. 1976లో హిల్స్, డే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ లెక్క ముందుకు తెచ్చారు. రెండు తారలు కలిసిపోతే ఒకే బరువైన తార మిగులుతుంది.

ఏది నిజం? 2009 ఈ చర్చకు కీలకమైన ఏడాది. ఫ్రాన్సెస్కో ఫెరారో బృందం ఎం30 గుచ్ఛంలోని బ్లూ స్ట్రాగ్లర్లు ఒకటి కాదు, రెండు వేర్వేరు వరుసల్లో ఉన్నాయని చూపించింది. నీలి వరుస ఢీకొన్నవాటిదని, కాస్త ఎర్రగా ఉన్నది వాయువు దోచుకున్నవాటిదని వాళ్ల వివరణ. అదే ఏడాది నిగే, లీ, సిల్స్ అనే ముగ్గురు ఎన్నో గుచ్ఛాల లెక్కలు కలిపి చూశారు. ఢీకొనే అవకాశం ఎక్కువున్నచోట ఇవి ఎక్కువగా లేవు. నడిబొడ్డు బరువు ఎక్కువున్నచోట ఎక్కువున్నాయి. అంటే జంట తారలదే పెద్ద పాత్ర అన్నమాట. రెండు ఫలితాలూ ప్రసిద్ధ పత్రిక 'నేచర్'లోనే వచ్చాయి. ఏ గుచ్ఛంలో ఏ దారి వాటా ఎంత అన్నది ఇప్పటికీ వాదనే.

చేటలో చెరిగినట్టు..

బ్లూ స్ట్రాగ్లర్లు ఎలా పుట్టాయన్నది సగం కథే. పుట్టాక ఎటు వెళ్తాయన్నది మిగతా సగం. అమ్మమ్మ చేటలో బియ్యం చెరగడం చూశారా? తేలికైన పొట్టు పైకెగిరి బయటికి పోతుంది, బరువైన గింజ చేటలోనే నిలుస్తుంది. గుచ్ఛంలో ఈ పని గురుత్వాకర్షణ చేస్తుంది. తారలు ఒకదాని పక్కనుంచి ఒకటి వెళ్లిన ప్రతిసారీ కొంచెం శక్తి చేతులు మారుతుంది. బరువైనవి వేగం కోల్పోయి నడిమధ్యకు దిగుతాయి. తేలికైనవి వేగం పుంజుకుని అంచులకు పోతాయి. కొన్ని ఏకంగా గుచ్ఛాన్నే వదిలి వెళ్లిపోతాయి. బరువైన తారను చుట్టూ ఉన్న గుంపు ఇలా వెనక్కి లాగడాన్ని 1943లో లెక్కగట్టింది మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖరే.

ఇక్కడే ఇంజినీరింగ్ చదివినవాళ్లకు షాకిచ్చే విషయం ఉంది. థర్మోడైనమిక్స్‌లో మనం నేర్చుకున్నదేంటి? వస్తువు నుంచి వేడి తీసేస్తే చల్లబడుతుంది. గుచ్ఛం నడిబొడ్డు అలా కాదు. అక్కడి నుంచి శక్తి బయటికి పోతే అది కుంచించుకుంటుంది, లోపలి తారల వేగం ఇంకా పెరుగుతుంది. అంటే మరింత 'వేడెక్కుతుంది'. వేడెక్కితే మరింత శక్తి బయటికి పోతుంది. మళ్లీ కుంచించుకుంటుంది. ఇలా నడిబొడ్డు కుప్పకూలడం మొదలవుతుంది. 1968లో లిండెన్-బెల్, వుడ్ దీని సిద్ధాంతాన్ని వివరించారు. ఎం15, ఎం30 అలా కూలిన గుచ్ఛాలకు ఉదాహరణలు.

మరి అంతా ఒక బిందువులోకి కూలిపోదా? జంట తారలు అడ్డుపడతాయి. దగ్గరికొచ్చిన మూడో తారను అవి విసిరికొడతాయి. ఆ శక్తికి బదులుగా తాము ఇంకాస్త దగ్గరవుతాయి. పొయ్యి మీద పాలు పొంగకుండా నీళ్లు చిలకరించినట్టు, కూలిపోతున్న నడిబొడ్డుకు ఇవే ఊతం.

బ్లూ స్ట్రాగ్లర్లు తోటి తారల కంటే బరువైనవి కాబట్టి, ఈ చెరుగుడు ఎంతవరకు వచ్చిందో అవి చూపిస్తాయి. 2012లో ఫెరారో బృందం 21 గుచ్ఛాలను పోల్చి, వీటినే గడియారం ముల్లుగా వాడొచ్చని చెప్పింది. కొన్నిట్లో అవి మిగతా తారల్లాగే అంతటా పరుచుకుని ఉన్నాయి. కొన్నిట్లో మధ్యలో గుంపు, ఆ తర్వాత ఖాళీ, శివార్లలో మళ్లీ కొన్ని. ఇంకొన్నిట్లో అన్నీ నడిమధ్యకే చేరిపోయాయి. ఆధార్ కార్డులో అందరి వయసూ దాదాపు ఒకటే. ఒళ్లు అలిసిపోయిన తీరు మాత్రం వేరు. ఒమేగా సెంటారి ఇంకా 'కుర్ర' గుచ్ఛం, ఎం30 పండు ముసలి.

శ్రీహరికోట నుంచి ఎగిరిన సాక్షి

దోపిడీ కథ నిజమైతే, బ్లూ స్ట్రాగ్లర్ పక్కన వేడి తెల్ల మరుగుజ్జు దొరకాలి. మామూలు వెలుగులో అది కనిపించదు, పక్కదాని కాంతిలో మునిగిపోతుంది. అతినీల లోహిత కిరణాల్లో చూస్తే బయటపడుతుంది. అలాంటి కన్ను మనకుంది. 2015 సెప్టెంబరు 28న నెల్లూరు తీరంలోని శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ30 మోసుకెళ్లిన ఆస్ట్రోశాట్‌లోని యూవిట్ టెలిస్కోపే అది.

2016లో బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థకు చెందిన అన్నపూర్ణి సుబ్రమణియం బృందం దీంతో ఎన్‌జీసీ 188 అనే గుచ్ఛాన్ని చూసింది. ఇది గోళాకారం కాదు, తారలు పలుచగా ఉండే పాత గుచ్ఛం. అందులోని ఒక బ్లూ స్ట్రాగ్లర్ పక్కన సుమారు 17,000 కెల్విన్ వేడి ఉన్న సహచరిని పట్టుకున్నారు. 2019లో గోళాకార గుచ్ఛం ఎన్‌జీసీ 5466 శివార్లలోని ఒక బ్లూ స్ట్రాగ్లర్ పక్కన తెల్ల మరుగుజ్జు ఆనవాలు దొరికింది. ఒక రకంగా చెప్పాలంటే, నేరం జరిగిన చోట ఖాళీ పర్సు దొరికినట్టే.

రేడియోలో కూడా మనం వెనకబడి లేం. పుణె దగ్గర ఖోడద్‌లో ఉన్న జీఎంఆర్‌టీతో 2004లో ఎన్‌జీసీ 1851 గుచ్ఛంలో ఒక పల్సర్ దొరికింది. సెకనుకు వందలసార్లు తిరుగుతూ, బాగా కోలగా సాగిన కక్ష్యలో ఉన్న జంట అది. ప్రశాంతంగా పెరిగిన జంటకు అలాంటి కక్ష్య ఉండదు. రద్దీలో ఎవరో వచ్చి జోడీని మార్చేశారనడానికి అదే ఆధారం.

లెక్క తేలాలంటే ఇంజినీర్లే కావాలి

పది లక్షల తారలు. ప్రతిదీ మిగతా అన్నిటినీ లాగుతోంది. ఒక్క అడుగు ముందుకు కదపాలంటే దాదాపు 50,000 కోట్ల జతల బలాలు లెక్కగట్టాలి. దూరంగా ఉన్నవాటిని గుంపుగా కలిపేసే షార్ట్‌కట్ గెలాక్సీలకు బాగా నడుస్తుంది. ఇక్కడ దగ్గరి భేటీలే కథను మలుపు తిప్పుతాయి కాబట్టి అంత తేలిక కాదు. పైగా కొన్ని జంటలు రోజుల్లో ఒక చుట్టు తిరుగుతాయి, గుచ్ఛం ఆయుష్షేమో వెయ్యి కోట్ల ఏళ్లు. రెండింటినీ ఒకే ప్రోగ్రాంలో నడిపించాలి.

ఈ పీటముడిని విప్పడానికి 1960ల నుంచి కేంబ్రిడ్జ్‌లో స్వెర్రె ఆర్సెత్ కోడ్ రాస్తూ వచ్చారు. 1989లో టోక్యో విశ్వవిద్యాలయ బృందం ఇంకో అడుగేసి, గురుత్వాకర్షణ లెక్క తప్ప మరేదీ చేయని 'గ్రేప్' కంప్యూటర్‌ను సొంతంగా తయారుచేసింది. ఇప్పుడా పని చాలావరకు జీపీయూలకు మారింది. ఏఐ కోసమని మీరు నేర్చుకుంటున్న ప్యారలల్ ప్రోగ్రామింగ్‌కు ఇక్కడ కూడా గిరాకీ ఉందన్నమాట.

డేటా విలువ తెలియాలంటే 2024 నాటి ఉదాహరణ చూడండి. ఒమేగా సెంటారి నడిమధ్య ఏడు తారలు ఉండాల్సిన దానికంటే వేగంగా కదులుతున్నాయని ఒక బృందం కనిపెట్టింది. ఆ వేగానికి అవి ఎప్పుడో తప్పించుకుపోవాలి. పోవట్లేదంటే కనిపించనిదేదో పట్టి ఉంచింది.. కనీసం 8,200 సూర్యుల బరువున్న కృష్ణబిలం అని వాళ్ల అంచనా. ఇందుకు కొత్త టెలిస్కోపేమీ కట్టలేదు. 20 ఏళ్లకు పైగా హబుల్ తీసిన 500కు పైగా చిత్రాలు వాడారు. వాటిలో ఎక్కువ భాగం కెమెరాను సరిచూసుకోవడానికి తీసినవే! డేటా అందరి ముందూ ఉంది. అడగాల్సిన ప్రశ్న ఎవరో ఒకరు అడిగారు.

మీరే చేయండి: వారాంతపు ప్రాజెక్టు

ఫైనలియర్ రాగానే చాలామంది చూపు అమీర్‌పేట రెడీమేడ్ ప్రాజెక్టుల వైపు మళ్లుతుంది. డబ్బులిస్తే కోడ్, రిపోర్టు, పీపీటీ చేతికొస్తాయి. ఇంటర్వ్యూలో 'ఇదే ఎందుకు చేశారు? తప్పు కాదని ఎలా తెలుసు?' అని రెండు ప్రశ్నలు పడితే నోట మాట రాదు. దానికి బదులు ఇది ప్రయత్నించండి. ఖర్చు ఇంటర్నెట్ బిల్లే.

* యూరప్ అంతరిక్ష సంస్థ ప్రయోగించిన గయా ఉపగ్రహం సుమారు 180 కోట్ల తారల కొలతలు ఇచ్చింది. ఆర్కైవ్ అందరికీ తెరిచే ఉంటుంది. ప్రశ్నలు అడిగే భాష ఎస్‌క్యూఎల్‌కు తమ్ముడే. జాయిన్లు తెలిస్తే సగం పని అయినట్టే.

* నేరుగా గోళాకార గుచ్ఛంతో మొదలుపెట్టకండి. రద్దీలో తారలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కొలతలు పాడవుతాయి. ముందు కర్కాటక రాశిలోని ఎం67 తీసుకోండి. సుమారు 400 కోట్ల ఏళ్ల పాత గుచ్ఛం, తారలు పలుచగా ఉంటాయి, బ్లూ స్ట్రాగ్లర్లూ ఉన్నాయి.

* దాని కేంద్రం చుట్టూ అర డిగ్రీ మేర తారల రంగు, వెలుగు, సొంత కదలిక, దృష్టి విక్షేపం దించుకోండి. పైథాన్‌లో కదలికల గ్రాఫ్ వేయండి. ఏడాదికి తూర్పు-పడమర దిశలో మైనస్ 11, ఉత్తర-దక్షిణ దిశలో మైనస్ 3 మిల్లీ ఆర్క్‌సెకన్ల దగ్గర ఒక ముద్ద కనిపిస్తుంది. అదే మన గుచ్ఛం. మిగతావి దారిన పోయే తారలు, తీసేయండి.

* మిగిలినవాటికి రంగు-వెలుగు గ్రాఫ్ వేయండి. మలుపు కనిపిస్తుంది. మలుపుకు పైన, నీలం వైపున్న చుక్కలు మీ అనుమానితులు.

* అసలు పని ఇప్పుడే. అవి నిజంగా సభ్యులేనా? దృష్టి విక్షేపం సరిపోలిందా? వడపోత కాస్త బిగిస్తే ఎన్ని మిగిలాయి, వదిలితే ఎన్ని చేరాయి? మిగతా తారల కంటే ఇవి కేంద్రానికి దగ్గరగా ఉన్నాయా? అది యాదృచ్ఛికం కాదని చెప్పడానికి ఏ గణాంక పరీక్ష వాడారు? చివరగా ఇప్పటికే అచ్చయిన పరిశోధన పత్రాల జాబితాతో పోల్చి, తేడా వచ్చిన ప్రతి తారకూ కారణం రాయండి.

ఇది కుదిరితే తర్వాతి మెట్టు వృశ్చిక రాశిలోని ఎం4. సుమారు 6,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఇది మనకు బాగా దగ్గరి గోళాకార గుచ్ఛాల్లో ఒకటి. మధ్యలో దుమ్ము అడ్డొచ్చి రంగులు మారిపోతుంటాయి. దాన్ని సరిదిద్దడం మరో పాఠం.

ఎస్‌క్యూఎల్, పైథాన్, డేటా వడపోత, గణాంకాలు, నా ఫలితాన్ని నేనే అనుమానించడం.. ఈ ఐదూ ఏ డేటా ఉద్యోగంలోనైనా అడిగేవే. ఆకాశం వైపు వెళ్లకపోయినా ఈ ప్రాజెక్టు వృథా కాదు.

ఇదే దారిలో వెళ్లాలంటే?

బీటెక్ వాళ్లకు తలుపులు మూసుకుపోలేదు. పుణెలోని ఐయూకా, ఎన్‌సీఆర్‌ఏ, బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ వంటివి ఇంజినీరింగ్ పట్టభద్రులకూ అవకాశమిస్తాయి. జెస్ట్, గేట్ స్కోర్లు పనికొస్తాయి. సంస్థను బట్టి నిబంధనలు మారతాయి కాబట్టి ఏటా నోటిఫికేషన్ చూసుకోవాలి. తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీ, ఐఐటీ ఇందౌర్‌లో ఈ రంగానికి సంబంధించిన కోర్సులున్నాయి. హైదరాబాద్‌లోనే ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఖగోళ శాస్త్ర విభాగం ఉంది. బెంగళూరు సంస్థకు పునాది వేసిన వేణు బప్పు చదివింది మన నిజాం కాలేజీలోనే. ముందు రుచి చూడాలనుకుంటే వేసవి కార్యక్రమాలున్నాయి. ఐయూకా, టీఐఎఫ్‌ఆర్, సైన్స్ అకాడమీలు ఏటా విద్యార్థులను తీసుకుంటాయి.

ఇంకో వైపు కూడా చూడాలి. పీహెచ్‌డీ అంటే ఐదారేళ్లు. జేఆర్‌ఎఫ్ మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, దానిపై ఇంటి అద్దె భత్యం. క్లాస్‌మేట్ అప్పటికి ఫ్లాట్ బుక్ చేసుకుని ఉంటాడు. శాశ్వత పోస్టులు కొద్ది, పోటీ ఎక్కువ. ఇంట్లో ఎడ్యుకేషన్ లోన్ నడుస్తుంటే ఈ లెక్క అమ్మానాన్నల ముందు పెట్టి మాట్లాడండి. ఉద్యోగం చేసుకుంటూ, వారాంతాల్లో డేటాతో పనిచేయడమూ గౌరవమైన దారే. పైన చెప్పిన ప్రాజెక్టు రెండు నెలలు చేశాక కూడా ఆదివారం పొద్దున్నే లేచి గ్రాఫ్ తెరవాలనిపిస్తే, అప్పుడు ఫారం నింపండి.

కంటితో చూడాలంటే..

మే నెల మధ్యలో రాత్రి 10 గంటల ప్రాంతంలో, దీపాల వెలుతురు లేని ఊరి పొలిమేరకు వెళ్లి దక్షిణం వైపు తిరగండి. తెలుగు రాష్ట్రాల నుంచి దిగంతానికి సుమారు పాతిక డిగ్రీల ఎత్తున, అంటే చేయి చాచి పట్టిన పిడికిళ్లు రెండున్నర పేర్చినంత ఎత్తులో, మసకగా ఒక చుక్క కనిపిస్తుంది. అది ఒమేగా సెంటారి. మామూలు బైనాక్యులర్ ఉంటే దూదిపింజలా తెలుస్తుంది. ఇక్కడ ఉన్నందుకు మనం అదృష్టవంతులం. లండన్ వాళ్లకు అది అసలు ఉదయించదు. ఎం4 కావాలంటే ఎర్రగా మెరిసే జ్యేష్ఠ నక్షత్రానికి కాస్త పడమరగా వెతకండి.

ఆ దూదిపింజలో కోటి తారలున్నాయి. ఏది ఎవరిని దోచుకుందో, ఏది ఎవరిని ఢీకొందో ఇంకా తేలాల్సి ఉంది. గయా ఆర్కైవ్‌లో ఖాతా తెరవడానికి మాత్రం రెండు నిమిషాలు చాలు.